మంచి నడవడికి జామీను

ఎమ్మిగనూరు
1939 జూన్ 20

చెల్లెలు సిద్దమ్మకు అన్న ఏసన్న దీవెనలతో,

నిన్న ఆదోని కోర్టులో నీకు జామీను సంతకం పెట్టి బస్సెక్కాను. ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. మీ వదిన గడపలోనే నిలబడి ఉంది. "జైలా, ఇల్లా?" అని అడిగింది. "ఇల్లే" అన్నాక గానీ నాకు నీళ్ల చెంబు అందించలేదు.

కోర్టులో చదివిన కాగితం నువ్వు మనసు పెట్టి విన్నట్టు నాకు తోచలేదు. అందుకే మళ్లీ రాస్తున్నాను. మేజిస్ట్రేటుగారు నీకు శిక్ష వేయలేదు. వేయకుండా ఏడాది పాటు పక్కన పెట్టారు. దీన్నే ప్రొబేషను అంటారు. ఈ ఏడాదిలో నువ్వు ఆ పత్తి మరాడించే గిర్నీ గేటు దాటి లోపల అడుగు పెట్టకూడదు. మేస్త్రీ దుర్గప్ప జోలికి పోకూడదు. చెప్పకుండా ఊరు విడవకూడదు. ప్రతి సోమవారం ప్రొబేషను ఆఫీసరు నాగేశ్వరయ్యగారి దగ్గరికి పోయి సంతకం చేయాలి. వీటిలో ఏది తప్పినా, పిలిచినప్పుడు వచ్చి శిక్ష అందుకుంటానని నువ్వు రాసిచ్చావు. నీ మంచి నడవడికి నేను పూచీ అని దాని కింద నేను రాసిచ్చాను.

సిద్దమ్మా, ఒక్క మాట అడుగుతాను. మొగుడు పోయినప్పటినుంచి తొమ్మిదేళ్లు ఆ గిర్నీలో పత్తి మోశావు. ఎవరితోనూ గట్టిగా మాట్లాడి ఎరగవు. అలాంటి దానివి పత్తి కూరిన బోరాలు లాగే ఇనుప కొక్కెంతో మేస్త్రీ నెత్తి ఎందుకు పగలగొట్టావు? తాను తిట్టినందుకు కొట్టిందని ఆయన ఫిర్యాదులో రాయించాడు. వకీలు రామసుబ్బయ్యగారు నిన్ను నాలుగు విధాలుగా అడిగితే నోరు తెరవలేదు. మేజిస్ట్రేటుగారు అడిగితే "కొట్టినాను సామీ" అని ఒకే ఒక్క మాట.

అమ్మ పోయినాక నిన్ను చంకన వేసుకుని బడికి తీసుకుపోయినవాణ్ణి. నాకైనా చెప్పు.

నీ అన్న
ఏసన్న

ఆదోని
1939 జూలై 9

అన్నకు సిద్దమ్మ వందనాలు.

నీ ఉత్తరం అందింది. కాగితం విన్నాను అన్నా, ప్రతి అక్షరం విన్నాను. విననట్టు కనిపించానంటే, అది నా మొహం తీరు.

ఇప్పుడు సంతపేటలో ఒక అంగడి ముందు కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తున్నాను. గిర్నీలో నాతోపాటు పనిచేసే హులిగెమ్మ తన ఇంట్లో ఒక గది ఇచ్చింది. ఆమెకు యాభై దాటాయి, పిల్లలు లేరు, నోరు పెద్దది. నాకు బాగానే జరుగుతోంది.

సోమవారాలు తప్పకుండా పోతున్నాను. నాగేశ్వరయ్యగారు మంచివారే. మొదటిరోజు నా వేలికి సిరా పూయబోయారు. "నాకు సంతకం వస్తాది సార్. మా అన్న బడిలో అయివారు" అన్నాను. ఆయన సిగ్గుపడి కలం ఇచ్చారు. ప్రతిసారీ ఒకే ప్రశ్న అడుగుతారు: "పశ్చాత్తాపం కలిగిందా అమ్మా?" దానికి ఆయన పుస్తకంలో ఒక గడి ఉందట, నింపాలట. "ఇంకా లేదు సార్" అంటాను. ఆయన ఆ గడిని ఖాళీగా వదిలేసి, వచ్చే సోమవారం చూద్దాం అంటారు.

ఎందుకు కొట్టానని అడిగావు. చెప్పలేను. నీమీద నమ్మకం లేక కాదు. ఆ మాట నాది కాదు, ఇంకొకరిది. వాళ్లు చెప్పమంటే చెబుతాను. అంతవరకు నీ చెల్లెలు ఊరికే ఒక మనిషి నెత్తి పగలగొట్టదని మాత్రం అనుకో.

వదినకు, పిల్లలకు నా ప్రేమలు.

సిద్దమ్మ

ఎమ్మిగనూరు
1940 ఫిబ్రవరి 22

సిద్దమ్మకు,

ఈ పూట బడిలో ఉండగానే నాగేశ్వరయ్యగారి కార్డు వచ్చింది. నువ్వు గిర్నీ లోపలికి పోతున్నావట. ఒకరోజు కాదు, సోమవారం నుంచి వరసగా మూడు రోజులు! పోస్టుమాన్ ఆ కార్డును నాకంటే ముందు మా బడి మేనేజరుగారికి చూపించాడు. మేనేజరుగారు బంగళాకు పిలిపించి కుర్చీ కూడా చూపించకుండా అడిగారు: "నేరస్థురాలికి జామీనుగా ఉన్న మనిషి మిషను బడిలో పిల్లలకు ఏం నేర్పుతాడు?"

ఇంకా నాలుగు నెలలు. నాలుగంటే నాలుగు! ఎనిమిది నెలలు ఓపిక పట్టినదానివి, ఈ నాలుగు నెలలు ఆ గేటు వైపు చూడకుండా ఉండలేవా? నువ్వు తప్పితే నిన్నొక్కదాన్నే పిలవరు. నన్నూ పిలిచి, పూచీ పడ్డావు కదా, ఏమైంది అని అడుగుతారు. నాకు ముగ్గురు పిల్లలు. ఉండే ఇల్లు మిషనుది.

రేపు పొద్దున్నే నాగేశ్వరయ్యగారి దగ్గరికి పోయి కాళ్లు పట్టుకో. తెలియక పోయానని చెప్పు.

ఏసన్న

ఆదోని
1940 ఫిబ్రవరి 25

అన్నకు,

తెలియక పోలేదు అన్నా. తెలిసే పోయాను. ఇప్పుడు నీకు చెప్పవచ్చు, చెప్పమని చౌడమ్మే అంది.

చౌడమ్మది కోసిగి. ఇరవై ఏళ్లుంటాయి. మొగుడు పని వెతుక్కుంటూ బొంబాయి వైపు పోయాడు. పత్తి కాలంలో అత్త ఈమెను ఆదోనికి పంపుతుంది. పోయిన ఏడు ఏప్రిల్లో దుర్గప్ప ఆమెను బోరాలు తెమ్మని గోడౌనుకు పంపి, వెనకాలే పోయి తలుపు వేశాడు. నేను బయట బోరా లాగుతున్నాను. ఒక్క కేక వినబడింది, తర్వాత ఆ కేకను ఎవరో మూసినట్టయింది. తలుపు తన్ని లోపలికి పోయాను. వాడి చెయ్యి ఆమె నోటిమీద ఉంది. నా చేతిలో కొక్కెం ఉంది. అంతకుమించి ఏమీ జరగలేదు. జరగనివ్వలేదు.

చౌడమ్మ నా కాళ్లు పట్టుకుంది. "అక్కా, మా అత్తకు తెలిస్తే నన్ను ఇంట్లోనుంచి ఎల్లగొడతాది. సెప్పొద్దక్కా" అంది. సరే అన్నాను. అందుకే కోర్టులో కొట్టానన్న ఒక్క మాటే చెప్పాను.

ఈ ఏడు పత్తి మొదలయింది. పద్దెనిమిదో తేదీన చౌడమ్మ కోసిగి నుంచి వచ్చింది. దుర్గప్ప ఆమెను చూసి నవ్వి, "నువ్వు గోడౌన్లో కూచుని పత్తిలో చెత్త, కసువు ఏరు. ఒక్కదానివే చాలు" అన్నాడట. ఆ సాయంత్రం ఆమె హులిగెమ్మ ఇంటికి వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. ఏడవలేదు. ఏడిస్తే నాకు ఇంత కోపం వచ్చేది కాదేమో.

సోమవారం సంతకం పెట్టి, కలం కింద పెట్టకుండానే నాగేశ్వరయ్యగారితో అన్నాను: "సార్, ఇప్పుడు నేను గిర్నీలోకి పోతాండాను. రాసుకోండి."

ఆయన కళ్లద్దాలు తీశారు. "ఎందుకమ్మా?"

"కూచోవడానికి."

అన్నా, నిజంగానే కూర్చోవడానికే పోయాను. గేటు కాపలావాడు నన్ను చూసి పక్కకు జరిగాడు. గోడౌన్లో చౌడమ్మ పక్కన కూర్చుని పత్తిలో కసువు ఏరాను. కూలి అడగలేదు. ఎవరినీ ఒక్క మాట అనలేదు. దుర్గప్ప రెండుసార్లు వచ్చి చూసి వెళ్లిపోయాడు. మంగళవారం పోయాను, బుధవారం పోయాను. రోజూ పోతున్నాను. రేపూ పోతాను.

కాళ్లు పట్టుకోమన్నావు. ఎవరివి?

సిద్దమ్మ

ఎమ్మిగనూరు
1940 మార్చి 3

సిద్దమ్మకు,

ఉత్తరం చదివాను. రెండుసార్లు చదివాను. ఏం రాయాలో తెలియలేదు, అందుకే ఆలస్యమయింది.

కోర్టు పిలుపు వస్తే తప్పయిందని ఒప్పుకో. అదొక్కటే దారి అని రామసుబ్బయ్యగారు కూడా అన్నారు. మిగతా సంగతి ఆడమనిషి పరువుకు సంబంధించినది కనుక కోర్టులో ఎత్తకపోవడమే మేలు. నేను రాలేను. బడికి ఇన్‌స్పెక్టరు వస్తున్నారు. పిల్లలకు పద్యాలు అప్పజెప్పడం సరిగా రాలేదు.

వదిన అడిగినట్టు చెప్పమంది.

ఏసన్న

ఆదోని, సబ్ జైలు
1940 మార్చి 12

ఏసన్నకు,

నిన్న నన్ను కోర్టులో నిలబెట్టారు. అంతకు రెండురోజుల ముందు వారెంటు తెచ్చి గోడౌన్లోనుంచే తీసుకుపోయారు. జైలు తాలూకా కచేరీ వెనకే ఉంది. ఆడవాళ్ల గదిలో నేనొక్కదాన్నే. కాగితం అడిగితే ఇచ్చారు.

కోర్టులో ఏం జరిగిందో రాస్తాను, నువ్వు రాలేదు కనుక.

బంట్రోతు నా పేరు మూడుసార్లు పిలిచాడు. బోనులో నిలబడ్డాను. గుమాస్తా బాండు చదివాడు. మేజిస్ట్రేటుగారు అడిగారు: "గిర్నీలోకి పోయినావా?"

"పోయినాను సామీ."

"ఎన్ని రోజులు?"

"పదిహేడు రోజులు. శుక్రవారాలు గిర్నీకి సెలవు, లేకపోతే ఇంకో మూడు పోయేదాన్ని."

వెనకాల ఎవరో నవ్వారు. ఆయన నవ్వలేదు. నాగేశ్వరయ్యగారిని లేచి చెప్పమన్నారు. ఆయన ఉన్నది ఉన్నట్టు చెప్పారు. సోమవారం ఒక్కటీ తప్పలేదన్నారు, గిర్నీలో ఎవరితోనూ గొడవ పడినట్టు తెలియదన్నారు, గేటు దాటడం మాత్రం నిజమన్నారు. తర్వాత, జామీనుదారు దగ్గరినుంచి కూడా ఒక ఉత్తరం వచ్చిందని దాన్ని పైకి ఇచ్చారు.

గుమాస్తా చదువుతుంటే మొదట ఎవరి ఉత్తరమో నాకు తెలియలేదు. "నా చెల్లెలు నా మాట వినే స్థితిలో లేదు. ఆమె నడవడికి నేను ఇక బాధ్యుణ్ణి కాను. నన్ను ఈ పూచీనుంచి తప్పించ వేడుకుంటున్నాను. ఆమెపై కోర్టువారు తగిన చర్య తీసుకొనవచ్చును." తేదీ ఫిబ్రవరి ఇరవై మూడు.

కింద సంతకం చూపించి నీ అన్నదేనా అని అడిగారు. నాకు అక్షరాలు నేర్పినవాడి చేతిరాత నాకు తెలియదా?

"మా అన్నదే సామీ" అన్నాను.

ఇరవై రెండున నాకు రాశావు, కాళ్లు పట్టుకోమని. మర్నాడు వాళ్లకు రాశావు. అప్పటికి నీకు చౌడమ్మ సంగతి తెలియదు, ఒప్పుకుంటాను. కానీ మార్చి మూడున తెలుసు. తెలిసీ నాకు పిల్లల పద్యాల గురించి రాశావు.

మేజిస్ట్రేటుగారు గొంతు తగ్గించి మాట్లాడారు. చేసినదానికి విచారిస్తున్నానని, ఇంకో ఏడాది ఆ గిర్నీలో అడుగు పెట్టనని కొత్త బాండు రాసిస్తే వదిలేస్తారట. ఆలోచించుకోమని వారం గడువిచ్చారు. నాకు జామీను ఎవరూ లేరు కనుక ఆ వారం ఇక్కడ.

ఆలోచించుకోవడానికి ఏమీ లేదు. వచ్చే సోమవారం కోర్టు. నీకు ఇన్‌స్పెక్టరు ఉంటే రావద్దు.

సిద్దమ్మ

ఎమ్మిగనూరు
1940 మార్చి 14

సిద్దమ్మా,

రాశాను. ఆ ఉత్తరం నేనే రాశాను. మేనేజరుగారు పక్కన నిలబడి చెప్పారు, నేను రాశాను. ఆయన చెప్పారన్నది ఒక సాకు కాదు. కలం నా చేతిలోనే ఉంది.

చౌడమ్మ సంగతి రాసిన నీ ఉత్తరం వచ్చాక పోయి నా ఉత్తరాన్ని వెనక్కి అడిగి ఉండాల్సింది. అడగలేదు. రోజూ ఈ రోజు బస్సెక్కుదామనుకున్నాను, రోజూ బడిగంట కొట్టాను. ఎవరికీ తెలియదులే అనుకున్నాను. కోర్టులో అందరిముందు చదువుతారని నాకు తోచలేదు.

నిన్న నీ ఉత్తరం మీ వదిన ముందు గట్టిగా చదివాను. ఆమె వింటూ వింటూ పొయ్యిలో కట్టె లాగేసింది. "ఆ యమ్మ వేరే ఎవరి కూతురో పక్కన కూచునింది. నువ్వు నీ చెల్లెలి పక్కన నిలబడలేకపోతివి" అంది. పదిహేనేళ్ల కాపురంలో ఆమె నన్ను అంత మాట అనడం ఇదే మొదలు.

సోమవారం వస్తున్నాను. సెలవు అడగలేదు. ఆ రోజు బడికి రానని కాగితం మేనేజరుగారి బల్లమీద పెట్టాను, కారణం కూడా రాశాను. రామసుబ్బయ్యగారితో మాట్లాడాను. నన్ను సాక్షిగా పిలిపిస్తానన్నారు. బాండు రాసిమ్మని నీకు ఇక చెప్పను. వద్దనీ చెప్పను. నువ్వు ఏది చేసినా నా పేరు దానికింద ఉంటుంది.

క్షమించమని ఇక్కడ అడగను. ఉత్తరంలో అడగడం తేలిక.

ఏసన్న

బళ్లారి, జిల్లా జైలు
1940 మార్చి 24

అన్నకు సిద్దమ్మ వందనాలు.

ఈ రోజు ఈస్టరు ఆదివారమని ఇక్కడ ఒక ఉత్తరం రాసుకోనిచ్చారు. జైలరుగారు చదివాకే పంపుతారు. చదవనీ.

సాక్షులను వరండాలో కూర్చోబెట్టారు కనుక నిన్ను పిలిచేదాకా లోపల జరిగినది నీకు వినబడలేదు. అది నువ్వు తెలుసుకోవాలి.

ముందు నన్ను అడిగారు, బాండు రాసిస్తావా అని. నేను ఇలా అన్నాను: "ప్రతి సోమవారం సంతకం పెట్టమంటే పెడతాను సామీ. ఊరు ఇడవొద్దంటే ఇడవను. ఆ గిర్నీలోకి పోనని మాత్రం రాసియ్యను. నేను మళ్లీ పోతాను. పోతానని తెలిసి పోనని ఎట్ల రాసేది? అది కోర్టుకు అబద్ధం సెప్పినట్టు కాదా?"

మేజిస్ట్రేటుగారు కలం పక్కన పెట్టారు. "ఎందుకు పోవాలి నీకు? ఏముంది ఆడ?" అన్నారు. ఆయన కూడా మనలా "ఆడ" అన్నారు అన్నా. అప్పటిదాకా పుస్తకంలో మాటలే మాట్లాడారు.

నేను చెప్పలేదు. చౌడమ్మ నీకు చెప్పమంది గానీ కోర్టుకు చెప్పమనలేదు. "ఉంది సామీ. నేను సెప్పకూడదు" అన్నాను. ఇంక శిక్ష చదివేస్తారని బోను కమ్మీ గట్టిగా పట్టుకున్నాను.

అప్పుడు తలుపు దగ్గర గొడవయింది. బంట్రోతు ఎవరినో ఆపుతున్నాడు. "యాడికి పోతావమ్మా, పేరు పిలవలేదు" అంటున్నాడు. "పిలిసేదాకా ఉంటే ఆ యమ్మను జైలుకు తోలేస్తారు" అని ఒక ముసలి గొంతు. చూస్తే చౌడమ్మ. ఆమె చెయ్యి పట్టుకుని ముందు నడుస్తున్నది ఆమె అత్త!

కోర్టు నాకు వారం గడువిచ్చిన మర్నాడే చౌడమ్మ రైలెక్కి కోసిగికి పోయి, అత్త ముందు కూర్చుని అంతా చెప్పేసిందట. వెళ్లగొడితే వెళ్లగొట్టనీ అనుకునే పోయిందట. ఆ అత్త జొన్నలు చెరుగుతూనే అంతా విన్నదట. సాయంత్రం లేచి, "ఏ సోమవారం?" అని మాత్రం అడిగిందట.

రామసుబ్బయ్యగారు లేచి, ఈ సాక్షిని వినాలని అడిగారు. మేజిస్ట్రేటుగారు ఒప్పుకున్నారు. చౌడమ్మ మెల్లగా మొదలుపెట్టింది. గుమాస్తా గట్టిగా చెప్పమన్నాడు. ఆమె తల ఎత్తి, దుర్గప్ప కూర్చున్న బెంచీ వైపు చెయ్యి చూపించి, మొదటినుంచి చివరిదాకా చెప్పింది. ఒక్క మాట వదల్లేదు. దుర్గప్ప తరఫున ఎవరో లేచి, ఏడాది ఎందుకు ఊరుకున్నావని అడిగాడు.

"బయపడితిని" అంది. "ఇప్పుడు బయం లేదా?" అన్నాడు.

"ఉంది. అయినా వచ్చినాను."

అప్పుడు ఆ అత్త ఎవరూ అడగకుండానే లేచింది. "నా కోడలి మీద చెయ్యేసినోడు బెంచీ మీద కూచుంటాడా? కాపాడిన యమ్మ బోన్లో నిలబడతాదా? ఇది యాడి నాయం సామీ?" అంది. బంట్రోతు ఆమెను కూర్చోబెట్టడానికి పోయాడు. మేజిస్ట్రేటుగారు చెయ్యెత్తి వద్దన్నారు.

తర్వాత నిన్ను పిలిచారు. నువ్వు చెప్పినదంతా నేను విన్నాను. ఆ ఉత్తరం భయపడి రాశానని, అందులో ఒక్క మాట కూడా నిజం కాదని, ఈమె నడవడికి ఈ రోజు కూడా నేను పూచీ అని అన్నావు. "ఆమె మళ్లీ గిర్నీకి పోతానంటోంది, తెలుసా?" అని ఆయన అడిగితే, "పోనీయండి. ఆమె అక్కడికి పోవడమే మంచి నడవడి" అన్నావు. చెమటతో నీ చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది. బడిలో దొరల ముందు నువ్వు అలా మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు. నీమీద ఉన్న కోపం అక్కడే పోయింది, రాయడానికి ఇన్ని రోజులు పట్టింది.

తీర్పు నీకూ వినబడింది గానీ, చివర్లో మెల్లగా అన్నది విన్నావో లేదో. "ఈ సంగతి మొదటిరోజే చెప్పివుంటే ఏమయ్యేదో నేనిప్పుడు చెప్పలేను. బాండు తప్పినావు. తప్పినప్పుడు, మొదటి నేరానికి ఆపి ఉంచిన శిక్ష వేయక తప్పదు. ఆరు వారాలు సాదా ఖైదు. ఇది దుర్గప్పను కొట్టినందుకు. గిర్నీలో కూర్చున్నందుకు వేరే శిక్ష ఏమీ లేదు."

"అట్లయితే సామీ, కూచున్నది నేరం కాదని అందులో రాయించండి" అన్నాను.

ఆయన తల వంచుకుని సంతకం చేశారు. రాయించలేదనుకుంటాను. కానీ నవ్వు దాచుకున్నారు, నేను చూశాను.

ఇక్కడ రాగిసంకటి గట్టిగా ఉంటుంది. నాకు ఏ దిగులూ లేదు. చౌడమ్మ ఎలా ఉందో రాయి.

సిద్దమ్మ

ఎమ్మిగనూరు
1940 ఏప్రిల్ 14

సిద్దమ్మకు దీవెనలతో,

నిన్ను తీసుకుపోయాక జరిగినది రాస్తాను.

మేజిస్ట్రేటుగారు చౌడమ్మ మాటలను ఫిర్యాదుగా రాయించి ఆమె వేలిముద్ర తీసుకున్నారు. దుర్గప్పకు సమన్లు పంపారు. అవి అందేలోపలే వాడు పెట్టె సర్దుకుని ఊరు విడిచిపోయాడు. ఇప్పుడు వాడిమీద వారెంటు ఉంది. దొరుకుతాడో లేదో తెలియదు, దొరికినా కేసు నిలుస్తుందో లేదో తెలియదని రామసుబ్బయ్యగారు అంటున్నారు. కానీ గిర్నీలో మాత్రం వాడు లేడు. చౌడమ్మ పని చేస్తోంది. ఆమె అత్త కూడా కోసిగి నుంచి వచ్చి పక్కనే కసువు ఏరుతోంది. ఆ ముసలామె నోటికి కొత్త మేస్త్రీ దూరంగా తిరుగుతున్నాడని హులిగెమ్మ చెప్పింది.

జామీను సంగతి. పూచీ తప్పినందుకు నన్ను వివరణ అడిగారు. ఇచ్చాను. ఈసారికి హెచ్చరించి వదిలేశారు.

బడి సంగతి. నన్ను కౌతాళం బడికి మార్చారు. అక్కడ పిల్లలు సగం మంది కన్నడం మాట్లాడతారట, బడికి పైకప్పు సగమే ఉందట. శిక్ష అని ఎవరూ అనలేదు. మేనేజరుగారు మాత్రం, "క్షమాపణ రాసిస్తే ఇక్కడే ఉండవచ్చు" అన్నారు. నేను నవ్వాను. ఎందుకు నవ్వావని అడిగారు. "మా ఇంట్లో ఆ కాగితం రాసేవాళ్లు అయిపోయారండి" అన్నాను. జూన్‌లో పోతాం. మీ వదిన అప్పుడే నలుగురితో కన్నడం మాట్లాడటం మొదలుపెట్టింది.

ఇంకొకటి. గిర్నీ మేనేజరు కబురు పంపాడు. నువ్వు బయటికి వచ్చాక, జరిగినదానికి విచారిస్తున్నానని రాసిస్తే పనిలోకి తీసుకుంటాడట. చెప్పమన్నాడు కనుక చెబుతున్నాను. నీ జవాబు ఏమిటో నాకు తెలుసు. ఆయనకు నేను చెప్పలేదు, నువ్వే చెప్పుకో.

ఏప్రిల్ ఇరవై తొమ్మిదిన జైలు గేటు దగ్గర ఉంటాను.

ఏసన్న

ఆదోని
1940 మే 7

అన్నకు, వదినకు సిద్దమ్మ వందనాలు.

జైలు గేటు దగ్గర నువ్వు క్షమించమని అడిగావు. నేను నీ సంచి లాక్కుని, పద బస్సు పోతుంది అన్నాను. అదే నా జవాబు. నీకు అర్థమయిందో లేదోనని ఇప్పుడు రాస్తున్నాను.

నిన్న సోమవారం. ప్రొబేషను ముగిసింది కనుక సంతకం లేదు. నాగేశ్వరయ్యగారు బజారులో ఎదురై, అలవాటుగా, "పశ్చాత్తాపం…" అని మొదలుపెట్టి ఆగిపోయారు. ఇద్దరం నవ్వుకున్నాం.

తిన్నగా గిర్నీకి పోయాను. గేటు మూసి ఉంది. మేనేజరు లోపలినుంచే కాగితం తెచ్చావా అన్నాడు. "తేలేదు. తేను" అన్నాను. "అయితే పోమ్మా" అన్నాడు. "యాడికీ పోను. ఈడనే ఉంటాను" అని గేటు ముందు కూర్చున్నాను.

అప్పటికి లోపలికి పోవాల్సిన ఆడవాళ్లు ఒక్కొక్కరే వస్తున్నారు. మొదట హులిగెమ్మ వచ్చింది. నన్ను చూసింది, బుట్ట కింద పెట్టి పక్కన కూర్చుంది. తర్వాత చౌడమ్మ, ఆమె అత్త. తర్వాత ఎవరు ముందో ఎవరు వెనకో లెక్కపెట్టలేదు. పేర్లు కూడా తెలియనివాళ్లు కొందరు. అంతమందిమి కూర్చుంటే రోడ్డు మీద బండ్లు ఆగిపోయాయి. ఎవరూ అరవలేదు. ఒకామె బిడ్డకు పాలిచ్చింది.

పడమర మబ్బు పట్టింది. గిర్నీ ఆవరణలో పత్తి అంతా ఆరుబయట కొండల్లా పడి ఉంది, తడిస్తే పనికిరాదు. మేనేజరు మబ్బును చూస్తాడు, మమ్మల్ని చూస్తాడు. చివరికి గేటు కొంచెం తెరిచి, "సరే, కాగితం వద్దు. సిద్దమ్మ రావచ్చు" అన్నాడు.

నేను లేవబోయాను. హులిగెమ్మ నా భుజం పట్టి కూర్చోబెట్టింది. "మాకూ ఒక మాట ఉండాదప్పా" అంది. "ఇక మీదట ఏ ఆడమనిషినీ గోడౌన్లోకి ఒంటిగా పంపకూడదు. ఇద్దరిని పంపితేనే పోతాం. మేస్త్రీ సెప్పినా, నువ్వు సెప్పినా అంతే."

"అది నా చేతిలో లేదు, యజమానిని అడగాల" అన్నాడు.

"అడుగు. మేం ఈడనే ఉంటాం."

ఉరిమింది. ఆయన లోపలికి పరుగెత్తాడు. తిరిగి వచ్చేటప్పుడు కూడా పరుగెత్తుతూనే వచ్చాడు. "ఇద్దరిద్దరే. ఒప్పుకున్నారు. రండి, తొందరగా రండి!" అని గేటు రెండు రెక్కలూ తెరిచాడు.

అందరూ లేచారు. లేచాక ఎవరూ కదల్లేదు, ఒకరినొకరు చూసుకున్నారు. చౌడమ్మ కొంగు నడుముకు బిగించి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, మొదట తానే లోపలికి నడిచింది. మిగతావాళ్లు ఆమె వెనక నడిచారు.

నేను అందరికంటే ఆఖరున పోయాను.

సిద్దమ్మ